మిగతా సగం ఏదమ్మా?

క్రిందటేడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా అత్తయ్యగారు ట్యాబ్ చేత పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నా నవల ఏదీ?"

నేను ఆవకాయ కలుపుతున్నాను. మోచేతుల దాకా కారం. "అందులోనే ఉంటుంది చూడండత్తయ్యా. వేలితో పక్కకి తొయ్యండి" అన్నాను తల తిప్పకుండానే.

"తోశాను. అటు తోశాను, ఇటు తోశాను. ఎక్కడా లేదు. నిన్న రాత్రి సగం చదివి పడుకున్నాను. ఆ పిల్ల మేనమామ ఇంట్లోంచి బయటికొచ్చి రైలెక్కింది. ఏ ఊళ్ళో దిగిందో నాకు తెలియాలి. మిగతా సగం ఏదమ్మా?"

అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అచ్చు పుస్తకం పది నిమిషాలు చూస్తే కళ్ళనీళ్ళు కారతాయి. ఐదేళ్ళ క్రితం మా అబ్బాయి తన పాత ట్యాబ్ ఆవిడ చేతికిచ్చి, అక్షరాన్ని చింతగింజంత చేసి చూపించిన రోజున ఆవిడ మొహం నేను మర్చిపోలేను. పోయిందనుకున్న ఆస్తి దొరికినట్టు మురిసిపోయారు. ఆ రోజునుంచీ మధ్యాహ్నం నిద్ర మానేశారు. అంచేత నేను ఈ-పుస్తకాలకి విరోధిని అని ఎవరూ అనుకోవద్దు. కాగితం వాసన లేదనీ, పేజీ తిప్పిన చప్పుడు లేదనీ పాటపాడే బాపతు కాదు నేను. చదవలేని మనిషి చేత చదివించిన వస్తువుకి చేతులెత్తి దణ్ణం పెడతాను. నా పోట్లాట వస్తువుతో కాదు. దాన్ని అమ్మే పద్ధతితో.

చేతులు కడుక్కుని వచ్చి చూశాను. నిజంగానే లేదు. ఆ ఒక్క నవలే కాదు, ఆ కంపెనీ దగ్గర ఏడేళ్ళుగా కొన్న నలభైమూడు పుస్తకాలూ లేవు. పుస్తకాల అర ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. దాని మధ్యన రెండు ముక్కలు: సేవలు నిలిపివేశారట. ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలట!

నేను ఊరుకునేదాన్నా? ఉత్తరం రాశాను. సేవలు నిలిపేశారు గాని, జవాబులు చెప్పే కుర్రవాడెవరో ఇంకా జీతం మీద ఉన్నట్టున్నాడు. నాలుగో రోజున మహా మర్యాదగా జవాబు వచ్చింది. దాని సారాంశం ఏమిటంటే, నేను కొన్నది పుస్తకం కాదట. పుస్తకాన్ని చదువుకునే అనుమతిట. ఆ సంగతి షరతుల్లో ముందే రాశారట. నేను ఒప్పుకున్నట్టు గడిలో టిక్కు కూడా పెట్టానట.

పెట్టే ఉంటాను. ఆ షరతులు మొత్తం చదివి టిక్కు పెట్టిన మనిషిని మీరెవరైనా చూశారా? కాని ఆ షరతుల పైన, పచ్చరంగు మీటమీద, కొట్టొచ్చినట్టు ఏం రాసి ఉంది? "కొనండి" అని. అద్దెకు తీసుకోండి అని లేదు. మేం ఉన్నంతకాలం చూసుకోండి అని లేదు. కొనండి!

బజార్లో చీర కొన్నాం అనుకోండి. షాపాయన డబ్బు లెక్కపెట్టుకుని, "అమ్మా, చీర మీది కాదు. కట్టుకునే అనుమతి మాత్రం మీది. మా షాపు ఎత్తేసిన రోజున మీరు ఏ పెళ్ళి పందిట్లో ఉన్నా సరే, చీర మా దగ్గరికి వచ్చేస్తుంది" అంటే మనం ఏం చేస్తాం? వీధిలో నలుగుర్నీ పిలవమూ? చీర విషయంలో అంత రోషం ఉన్నవాళ్ళం, పుస్తకం విషయంలో ఎందుకు నోరు మూసుకున్నాం?

పుస్తకమూ, డబ్బూ పరుల చేతికి వెళితే తిరిగి రావని పెద్దవాళ్ళు ఏనాడో శ్లోకం చెప్పారు. (అందులో మూడోది ఆడవాళ్ళ సంగతి. అది నాకు గిట్టదు కనక వదిలేస్తున్నాను.) పాపం, ఆ శ్లోకం చెప్పినాయన, మనం పుస్తకాన్ని ఎరువిచ్చాక పోగొట్టుకుంటాం అనుకున్నాడు. కొన్న నిమిషం నుంచే పరుల చేతిలో ఉండే పుస్తకాన్ని ఆయన ఊహించి ఉండడు.

మా ఒక్క కంపెనీ చిన్నది, దివాలా తీసింది, పెద్దవాళ్ళ దగ్గర కొంటే ఈ బాధ ఉండదు అన్నారు మావారు. ఆయన బ్యాంకు మనిషి. పెద్దవాళ్ళంటే నమ్మకం ఎక్కువ. సరే, ఆ పెద్దవాళ్ళ సంగతే చూద్దాం అని కూర్చున్నాను.

2009 జూలైలో అమెరికాలో అమెజాన్ కంపెనీ, కిండిల్ కొనుక్కున్నవాళ్ళ చేతుల్లోంచి కొన్ని పుస్తకాలు దూరాన్నుంచే తుడిచేసింది. అమ్మినవాడికి హక్కులు లేవని తర్వాత తెలిసిందట. డబ్బు వాపసు ఇచ్చారు, కంపెనీ పెద్ద బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పాడు. ఇంతకీ ఆ తుడిచిన పుస్తకాలు ఏవంటారు? జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్'. రాతను చెరిపేసే ప్రభుత్వం గురించి రాసిన నవలనే చెరిపేశారు! నేను నవల్లో ఇలా రాస్తే మా ఎడిటరుగారు "మరీ అతికినట్టుంది, మార్చండి" అని తిప్పి పంపించేవారు. ఒక విద్యార్థి, తాను ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని కోర్టుకే వెళ్ళాడు.

2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసింది. ఆ జూలైలో, కొన్నవాళ్ళ దగ్గర పుస్తకాలు తెరుచుకోవటం మానేశాయి. వీళ్ళూ డబ్బు వాపసు ఇచ్చారు. మార్జిన్లలో రాతలు రాసుకున్నవాళ్ళకి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. రాతకి ధర కట్టడం అంటే ఇదే కాబోలు. మా నాన్నగారు పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో రాసిన మాటలు ఉన్నాయి నా దగ్గర. ఒకచోట "ఇది అబద్ధం" అని ఉంటుంది. వాటికి ఎన్ని డాలర్లు ఇస్తారో?

ఇక 2025 ఫిబ్రవరి 26 నుంచి, కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని వైరు ద్వారా ఎక్కించుకునే సదుపాయం కూడా అమెజాన్ తీసేసింది. అంతవరకూ మన కంప్యూటర్లో ఒక ప్రతి దాచుకునే దారి అయినా ఉండేది. ఆ దొడ్డిగుమ్మం కూడా మూసుకుంది.

ఇవన్నీ చదివి వినిపిస్తే మావారు కాసేపు పేపరు చాటున దాక్కుని, "అయితే చట్టం ఉండాలోయ్" అన్నారు. ఉంది! అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. అమ్మేది అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. దించుకుని ఎప్పటికీ దాచుకోనిచ్చే వస్తువుకి ఆ ఇబ్బంది లేదు. అంటే ఆ దేశంలో కూడా మా అత్తయ్యగారి లాంటివాళ్ళు "మిగతా సగం ఏదీ" అని అడిగి ఉంటారు.

మన తెలుగువాళ్ళ పరిస్థితి ఇంకొంచెం దిగదుడుపు. 2016 చివర్లో అమెజాన్ వాళ్ళు కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలకి తలుపు తీశారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు భాషలు. అందులో తెలుగు లేదు! 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళం 8 కోట్ల పైచిలుకు మందిమి. ఆ వరసలో మనకి పీట వెయ్యలేదు. అంచేత మనం ఏం చేశాం? చిన్న చిన్న కంపెనీల యాప్‌లని నమ్ముకున్నాం. పాత పుస్తకాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఏరుకున్నాం. దొరికింది దొరికినట్టు ఫోన్లో పడేశాం.

ఆ పడెయ్యటం ఏ స్థాయిలో ఉందో నాకు ఈ గొడవ తర్వాతే తెలిసింది. ఇక ఉన్నవాటినైనా కాపాడుకుందామని ఇంట్లో పుస్తకాల లెక్క తేల్చటానికి కూర్చున్నాను. నా ఫోను, నా కిండిల్, అత్తయ్యగారి ట్యాబ్, మావారి ల్యాప్‌టాప్, మా అబ్బాయి వదిలేసిన పగిలిన ఫోను, మూడు పెన్‌డ్రైవులు. అందులో ఒకటి మందుల డబ్బాలో దొరికింది. అన్నీ కలిపి రెండు వేల పైన తేలాయి. నేను గర్వంతో ఉబ్బిపోయాను. వారం రోజులు గడిచేసరికి ఆ గర్వం కాస్తా దిగిపోయింది. ఒకే నవల ఏడుసార్లు ఉంది, ఏడు పేర్లతో. "నవల", "నవల మంచి కాపీ", "నవల కొత్తది", "అత్తయ్యకి", ఇంకోటి ఉత్త అంకెలు. కొన్నిటికి మొదటి పేజీలు లేవు. కొన్నిటికి ఆఖరి పేజీలు లేవు. ఏరగా ఏరగా మిగిలినవి ఆరువందల నలభై. అందులో నేను చదివినవి ఎన్ని అని మాత్రం అడక్కండి. చేర్చుకోవటం వేరు, చదవటం వేరు అని ఆ వారంలో నాకు బాగా తెలిసొచ్చింది.

"ఎందుకమ్మా ఈ సర్దుడు? పేరు కొట్టి వెతికితే క్షణంలో వస్తుంది" అన్నాడు మా అబ్బాయి. ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి ప్రపంచం అంతా వెతికితే దొరికే వస్తువు. సరే, వెతకరా చూద్దాం అన్నాను. వెతికాడు. దొరకలేదు. ఎలా దొరుకుతుంది? స్కాన్ చేసిన పుస్తకం అంటే పేజీలకి తీసిన ఫోటోలు. ఫోటోలో అక్షరాలు మనకి కనిపిస్తాయి గాని, అది అక్షరమని యంత్రానికి తెలియదు. పైగా ఆ ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్ళు పెట్టినవి. ఒకే రచయిత నాలుగు అవతారాలెత్తి ఉంటాడు. అత్తయ్యగారికి ఈ స్కాన్లు పనికిరావు కూడా. అక్షరం పెద్దది చేస్తే పేజీ అంతా పెద్దదై సగం వాక్యం తెర బయటికి పోతుంది. ప్రతి వాక్యానికీ అటోసారి ఇటోసారి తోసుకుంటూ చదవాలి. అది చదువు కాదు, తిరగలి తిప్పటం.

అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. నా సొంత మొదటి నవల! దాన్ని డి.టి.పి. చేసినాయన ఆ రోజుల్లో అందరిలాగే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కొట్టి సీడీ ఇచ్చాడు. ఇన్నాళ్ళూ పదిలంగా ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఇప్పుడు తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో నా కథానాయిక మాట్లాడే మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, చుక్కలూ కలిసిన పిచ్చిగీతలై కూర్చున్నాయి. ఆవిడ ప్రేమలేఖ కూడా అంతే. దాచుకోవటం అంటే మూల పడెయ్యటం కాదు, అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవటం అని అప్పుడు తెలిసింది. ఊరగాయ జాడీకి ఉన్న ధర్మమే దీనికీను.

మొత్తానికి ఒక దారి దొరికింది. కాలిబర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మన దేశంలో పుట్టిన కోవిద్ గోయల్ అనే ఆయన 2006లో మొదలుపెట్టాడు. డబ్బు అడగదు. మన పుస్తకాలన్నిటికీ జాబితా కట్టి, పేరూ రచయితా సంవత్సరమూ రాసిపెట్టి, ఏ యంత్రానికి ఏ రూపం కావాలో ఆ రూపంలోకి మార్చి ఎక్కిస్తుంది. తాళం వేసిన పుస్తకాన్ని మాత్రం ముట్టుకోదు. బి.ఏ.లో చరిత్రా తెలుగూ చదువుకున్న నేను నేర్చుకోగలిగానంటే ఎవరైనా నేర్చుకోవచ్చు.

కాని అదీ తెల్లవాళ్ళ అలవాటు ప్రకారమే నడుస్తుంది సుమండీ! పేరులో ఆఖరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారిని తీసుకెళ్ళి 'శాస్త్రి' కింద పెట్టింది. ఆవిధంగా మా ఇంట్లో ఊళ్ళో ఉన్న శాస్త్రులందరూ ఒక వరస, రావులందరూ ఒక వరస, దేవులంతా ఒక పందిరి కింద చేరి, కులాసాగా సమావేశం పెట్టుకున్నారు. ఎవరింటికి వాళ్ళని పంపించేసరికి నాకు పదిరోజులు పట్టింది. ఇప్పుడు మా పద్ధతి ఇది: ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అచ్చయిన సంవత్సరం చివర, అన్నీ తెలుగు లిపిలో. అసలు ప్రతులన్నీ ఒక్క కంప్యూటర్లోనే. ఫోనూ ట్యాబూ కిండిలూ అక్కణ్ణుంచి ఎరువు తెచ్చుకునేవే తప్ప వాటికి సొంత ఆస్తి లేదు. రెండో ప్రతి ఒక హార్డ్ డిస్కులో. మూడోది విశాఖపట్నంలో మా చెల్లెలి బీరువాలో. ఏడాదికోసారి, దసరాల్లో సరస్వతీపూజ నాడు, డిస్కు తెరిచి నాలుగు పుస్తకాలు తిప్పి చూస్తాను. అత్తయ్యగారు దాన్ని కూడా పుస్తకాల పక్కన పెట్టి బొట్టుపెట్టారు. వైరు దూర్చే చిల్లులో కుంకం పడకుండా చూసుకోవటం నా వంతు.

ఇదంతా చదివి కొందరికి కోపం రావచ్చు. "రచయిత్రివై ఉండి, తాళాలు వద్దంటావా? తాళం లేకపోతే దొంగలు పడరూ?" అని. రండి, ఆ మాటా తేల్చుకుందాం. ఎందుకంటే నేను ఆ తాళం రెండు వైపులా నిలబడ్డ మనిషిని.

ఆ మూతపడ్డ కంపెనీలో నా నవలలు కూడా రెండు ఉండేవి. ఒప్పందం కాగితంలో "పుస్తకానికి తాళం కావాలా, వద్దా" అని ఒక గడి ఉంది. నేను కావాలి అని టిక్కు పెట్టాను! ఇద్దరు పిల్లల్ని ఇంట్లో వదిలి తాళం వేసి వెళ్ళే తల్లిలా, ఎంతో భద్రం చేశాననుకున్నాను. ఆర్నెల్లు తిరక్కుండా నా నవల పీడీఎఫ్ ఒక వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ నా ఫోన్‌కే వచ్చింది. పంపినావిడ "మేడమ్, మీ నవల మా గ్రూపులో పెట్టాం, అందరం ఏడ్చాం" అని రాసింది. నేనూ ఏడ్చాను. కారణం వేరు.

కంపెనీ మూసేశాక, నిజామాబాదు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. డబ్బు పెట్టి నా నవల కొనుక్కుందిట. నూట పదో పేజీలో ఉండగా మాయమైందిట. "ఆ అమ్మాయి ఉద్యోగం మానేసిందా, ఉంచుకుందా? అది ఒక్కటి చెప్పండి చాలు" అని అడిగింది.

ఇప్పుడు చెప్పండి. నా తాళం ఎవరికి అడ్డం వచ్చింది? దొంగకి రాలేదు. అతగాడు తాళం తీశాడో, తెరకి ఫోటోలు తీశాడో, తన పని చూసుకున్నాడు. అతని దగ్గర నా నవల ఇప్పటికీ క్షేమంగా ఉంది. డబ్బిచ్చిన ఆ నిజామాబాదు ఇల్లాలి దగ్గర మాత్రం లేదు. దొంగవి కలకాలం నిలిచే పుస్తకాలూ, దొరవి మాయమైపోయే పుస్తకాలూ అయితే, మనం మనుషులకి ఏ నీతి బోధిస్తున్నట్టు? ఆవిడకి నేనే నవల అచ్చుప్రతి పంపించాను, క్షమాపణ ఉత్తరంతో సహా. ఆ తాళం వెయ్యమన్నది నేనేనని కూడా రాశాను.

దీని అర్థం, పుస్తకాలు గ్రూపుల్లో పంచుకోండి అని కాదు. ఒక్కసారి గట్టిగా చెబుతున్నాను, చెవిన పెట్టండి. బతికి ఉండి రాసుకుంటున్నవాళ్ళ నవలని ఊరంతా పంచటం, పొరుగింటి పెరట్లో కాయలు కోసి పేరంటంలో పంచిపెట్టటమే. అలా పంచకుండా ఉండలేం అనేవాళ్ళకి కావలసినన్ని పుస్తకాలు ఉన్నాయి. మన దేశంలో రచయిత పోయాక అరవయ్యేళ్ళవరకే హక్కులు. గురజాడ అప్పారావుగారు 1915లో పోయారు, శ్రీపాదవారు 1961లో పోయారు. వారు బతికుండగా అచ్చయిన రచనలు ఇప్పుడు అందరివీ. దాచుకోండి, పంచుకోండి, తప్పులు దిద్ది మళ్ళీ కొట్టండి, పుణ్యం. చలంగారు 1979లో పోయారు, అంచేత 2039 ఆఖరుదాకా ఓపిక పట్టండి.

అసలు పుస్తకం ఎలా బతుకుతుందో ఆలోచించండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని, మన గ్రంథాలయాల్లోని పాత పుస్తకాలు వేలకి వేలు స్కాన్ చేసిన పథకం ఒకటి ఉండేది. ఆ సైటు కాస్తా తర్వాత మూతపడింది. అయినా వాటిలో ఎన్నో తెలుగు పుస్తకాలు ఇవాళ్టికీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఎలాగ? మూతపడక ముందే ఎవరో పూనుకుని ప్రతులు తీసి ఇంకోచోట పెట్టారు కనక! తాళపత్రాల నాటి నుంచీ పుస్తకం బతికింది ప్రతులవల్లనే. నాలుగిళ్ళల్లో నాలుగు ప్రతులుంటే, ఒక ఇంట్లో చెదలు పట్టినా మూడు మిగులుతాయి. ఒక్క కంపెనీ గదిలో ఒక్క ప్రతి ఉంచి, కిటికీలోంచి లక్షమందికి చూపిస్తామనే ఏర్పాటు చూడటానికి గొప్పగా ఉంటుంది. కిటికీ మూస్తే లక్షమందీ చీకట్లోనే.

కనక నా కోరికలు ఇవీ. అమ్మేవాళ్ళకి: అద్దె అయితే అద్దె అని మీట మీదే రాయండి, అద్దె ధరే పుచ్చుకోండి. అమ్మకం అయితే ఫైలు మా చేతికివ్వండి. దానిమీద కొన్నవాళ్ళ పేరు అచ్చువెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు. చిన్నప్పుడు పుస్తకం కొనగానే మొదటిపేజీలో పేరు రాసుకోలేదూ? ప్రచురణకర్తలకి: పాత ఫాంట్లలో మగ్గుతున్న నవలల్ని యూనికోడ్‌లోకి మార్పించండి. అక్షరం పెద్దదయితే తప్ప చదవలేని కళ్ళు ఇంటింటా ఉన్నాయి. నా తోటి రచయితలకి: ఆ గడిలో టిక్కు పెట్టేముందు నిజామాబాదు గుర్తు తెచ్చుకోండి. పాఠకులకి: ఫైలు చేతికిచ్చేవాళ్ళ దగ్గరే కొనండి, కొన్నది మీ ఇంట్లోనే ఉంచుకోండి.

ఇంతకీ అత్తయ్యగారి నవల సంగతి చెప్పలేదు కదూ?

ఆ నవల ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందిట. ఆ మాట అత్తయ్యగారు అనగానే నాకు అమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లోలాగే మా అమ్మ కూడా ప్రతివారం సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, కథ అయిపోగానే దబ్బనంతో కుట్టి, మైదాపిండి జిగురుతో అట్టవేసి, వీపుకి పాత జాకెట్టుగుడ్డ అంటించేది. లోపల ఎవరు ఎప్పుడు తీసుకెళ్ళారో తారీఖులతో రాసేది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. తెనాలిలో అన్నయ్యకి ఫోన్ చేశాను. వదిన అటక ఎక్కించి వెతికించింది. దొరికింది! ఊదారంగు జాకెట్టుగుడ్డ వీపుతో, నాలుగు దశాబ్దాల తర్వాత, ఏ కంపెనీ అనుమతీ లేకుండా.

అక్షరాలు చిన్నవి, కాగితం పసుపు తిరిగింది. అత్తయ్యగారు చదవలేరు. అంచేత మావారు రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూచుని చదివి వినిపించటం మొదలుపెట్టారు. సీరియళ్ళంటే ఏడుపుగొట్టు వ్యవహారం అనే ఆ మనిషి మూడోరోజుకి, "ఇవాళ ఇంకో వారం లాగించేద్దామా అమ్మా" అని తనే అడగటం మొదలుపెట్టారు.

రైలు ఘట్టం వచ్చింది. ఆ పిల్ల పెట్టె అందుకుంది. రైలు ఆగింది. మావారు పేజీ తిప్పి ఆగిపోయారు. పేజీ మధ్యలో నాలుగు పలకలుగా ఒక కన్నం! వెనక వైపు ఏ కుట్టుపని డిజైనో వచ్చి ఉంటుంది, అమ్మ కత్తెరతో నీటుగా కత్తిరించుకుంది. ఆ పిల్ల ఏ ఊళ్ళో దిగిందో సరిగ్గా ఆ ముక్కలోనే ఉండిపోయింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భయం భయంగా అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ ఆ కన్నంలో వేలుపెట్టి, అంచులు తడిమి చూశారు.

"పోనీలే అమ్మాయ్" అన్నారు తాపీగా. "మీ అమ్మ పుస్తకం, మీ అమ్మ కత్తెర. మరి ఆ కంపెనీవాళ్ళు ఎవరి పుస్తకం అనుకుని కత్తిరించారు?"